బురదత్త

ఆమెకు ఆ పేరు పెట్టింది పిల్లలే. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు, పోనుపోను ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. బడి బస్సు ప్రకృతి కేంద్రం గేటు ముందు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తలలు బయటికొచ్చేవి. "బురదత్తా, ఇవాళ నీళ్ళలో దింపుతావా?" అని అరిచేవాళ్ళు. వెంట వచ్చిన టీచరు నొచ్చుకుని "అత్తేమిటి, మేడమ్ అనండి" అని గదమాయించబోతే ఆమే అడ్డుపడేది.

"మేడమ్‌లు బళ్ళో ఎలాగూ ఉన్నారు కదండీ. ఇక్కడ నన్ను అత్తగానే ఉండనివ్వండి."

పేరుకు తగ్గట్టే ఉండేది మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మోచేతుల పైకి మడిచిన చొక్కా, ఎంత తోముకున్నా వదలని గోళ్ళ నలుపు. నోరు కొంచెం దురుసు. పెద్దవాళ్ళతో ఏదైనా రెండు ముక్కల్లో తేల్చేసేది. పిల్లలతో మాత్రం పొద్దుగుంకేదాకా మాట్లాడమన్నా మాట్లాడేది.

అంతకుముందు ఆమె బళ్ళో సైన్సు చెప్పేది. సీసాలో మందునీళ్ళలో నాని తెల్లబడ్డ కప్పను బల్ల మీద పెట్టి, ఇది నీటిలోనూ నేల మీదా బతుకుతుందని ఏటా అదే పాఠం అప్పజెప్పేది. ఒక ఏడాది వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి "బతికున్నది ఎలా ఉంటుంది టీచర్?" అని అడిగింది. కొందరు నవ్వారు గానీ, బతికున్న కప్పను దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే నవ్వినవాళ్ళ చేతులు కూడా లేవలేదు. ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు.

ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు వెనక ఒక పల్లపు నేల ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ అది చెత్తకుప్ప. అరిగిన టైర్లు, పగిలిన సింకులు, కూల్చిన గోడల పెళ్ళలు, వాటి నడుమ ఎవరికీ పట్టని ఒక నీటి మడుగు. ఆమే, ఆమె తమ్ముడూ వీధివీధీ తిరిగి జనాన్ని పోగుచేశారు. సెలవు దొరికినప్పుడల్లా ఆ చెత్త ఎత్తిపోశారు. తమ్ముడికి అప్పటికి పెళ్ళి కాలేదు. ఒళ్ళు దాచుకోకుండా టైర్లు మోశాడు. అతనిది కళ్ళద్దాల దుకాణం. గీతలు పడి పక్కన పెట్టేసిన అద్దాలకు పిడులు బిగించి పిల్లల కోసం భూతద్దాలు చేసిచ్చాడు. మాటకారి కాబట్టి మడుగు బాగోగులకు వేసుకున్న కమిటీకి అధ్యక్షుడయ్యాడు. ఆమె ఉద్యోగం వదిలేసి మడుగులోకి దిగింది. పంపుహౌసు వాళ్ళు వాడకుండా వదిలేసిన షెడ్డే ప్రకృతి కేంద్రం. ఒక గోడకు చిన్నవీ పెద్దవీ రబ్బరు బూట్లు, ఇంకో గోడకు పొడుగు కర్రల వలలు, మధ్యలో బల్ల మీద తెల్లటి ట్రేలు. అంతకుమించి ఏమీ లేదు.

ఆమె పాఠం కూడా అలాగే ఉండేది. పిల్లలకు బూట్లు తొడిగి, వల చేతికిచ్చి, నీళ్ళలోకి దింపేది. వలలో పడ్డదాన్ని ట్రేలో బోర్లించగానే అందరూ దాని మీదికి వంగేవాళ్ళు. నత్తలు, తోకకప్పలు, ఇంకా రెక్కలు రాని తూనీగ పిల్లలు. "ఇది కుడుతుందా అత్తా?" అంటే "చూసి చెప్పు" అనేది. "ఇది ఏం తింటుంది?" అంటే మళ్ళీ "చూసి చెప్పు." పిల్లలకు ఒళ్ళు మండేది గానీ చూసేవాళ్ళు. బళ్ళో పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు విప్పని ఒక పిల్ల, ట్రే గోడకు అంటుకున్న నత్తను ఊపిరి బిగబట్టి చూసీ చూసీ, "అత్తా, దీనికి నోరుంది, నాచు గీక్కుని తింటోంది" అని అందరికీ వినపడేలా చెప్పింది. వెంట వచ్చిన టీచర్లు గట్టు మీదే నిలబడి ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు.

తమ్ముడికి పెళ్ళయి మరదలు వచ్చింది. మంచి పిల్లే. పనిమంతురాలు. గాజుగ్లాసు మీద వేలిముద్ర కనిపించినా ఊరుకోదు. వదినంటే మరదలికి గౌరవమే, వదిన చెప్పులంటేనే గిట్టదు. ఆడబిడ్డ వస్తోందంటే గుమ్మంలో తడిగుడ్డ పరిచి ఉంచేది. అప్పట్లో ఇద్దరూ దాని మీద నవ్వుకునేవాళ్ళు కూడా.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఒక్కచోట నిలవదని మేనత్త దాన్ని తూనీగా అని పిలిచేది. నడక వచ్చిందో లేదో, సెలవు రోజున మేనత్త భుజమెక్కి మడుగు దగ్గరికి పోయేది. సాయంత్రం తల్లి గుమ్మంలోనే బట్టలు విప్పించి, బకెట్టు నీళ్ళు కుమ్మరించి "నేను కూతుర్ని పంపితే మీరు కప్పను తెచ్చి అప్పగిస్తారేమిటి వదినా" అనేది. వినడానికి దెప్పినట్టే ఉండేది గానీ ఆ గొంతులో కోపం ఉండేది కాదు.

తూనీగ తరగతి పిల్లలు బడి తరఫున వచ్చిన రోజున జరిగింది అది.

గాలివానకు కూలిన చెట్టొకటి మడుగు మీద అడ్డంగా పడి ఉండేది. దాని మాను మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడవడమంటే పిల్లలు ప్రాణం పెట్టేవాళ్ళు. మేనత్త ఎన్నడూ వద్దనలేదు. ఒక్కొక్కరే నడవాలి, బూట్లు విప్పాలి, కాలు పెట్టేచోటు చూసుకోవాలి, అంతే షరతులు. ముందురోజు వాన పడి మాను ఇంకా తడిగానే ఉంది. కొందరు దాటారు. తూనీగ సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"అత్తా, జారుతోంది. రానా, వెనక్కి పోనా?"

వేరే ఎవరి పిల్లయినా అలా అడిగి ఉంటే ఆమె "నువ్వే చూసుకుని చెప్పు" అనేది. అది తన మేనకోడలు. తరగతి తరగతంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. బురదత్త మేనకోడలు మధ్యలో వెనక్కి తిరగడం ఆమెకు మనస్కరించలేదు.

"ఏం కాదు, వచ్చెయ్" అంది.

పిల్ల వచ్చింది. గట్టు ఇక రెండడుగులు ఉందనగా నాచు మీద కాలు జారింది. నీళ్ళలో పడి ఉంటే బురద కొట్టుకుని నవ్వుతూ లేచేదే. గట్టు వైపు పడింది. మోచేయి రాతికి కొట్టుకుని, వంగకూడని వైపుకు వంగింది. గట్టిగా ఏడవను కూడా లేదు. ముఖం పాలిపోయి మేనత్త వంకే చూస్తూ ఉండిపోయింది.

వల కర్ర విరిచి చేతికి ఆనించి కట్టి, బస్సులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పిల్లను లోపలికి తీసుకుపోయాక బయట బెంచీ మీద కూర్చుంది. బూట్లు విప్పాలన్న ధ్యాస కూడా లేదు. ఆ తెల్లటి నేల మీద ఆమె వచ్చిన దారంతా బురద అడుగులే. మరదలు ఆ అడుగుల వెంబడే వచ్చింది.

"ఎలా పడింది వదినా?"

"మాను మీంచి."

"దానంతట అదే ఎక్కిందా?"

"వరసలో ఎక్కింది. మధ్యలో ఆగింది. నేనే రమ్మన్నాను."

"భయంగా ఉందని చెప్పలేదా?"

"జారుతోందని చెప్పింది."

"అయినా రమ్మన్నారు."

"రమ్మన్నాను."

మరదలు ఇంకేమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తమ్ముడు ఆ సాయంత్రం అక్కను వరండాలోకి తీసుకెళ్ళాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పకుండా ఎక్కేసిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదక్కా."

"నీ కూతురి మీదే పెట్టమంటావా?"

"చిన్నపిల్ల, దాన్నెవరేమంటారు? రెండ్రోజుల్లో అందరూ మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు నీ మరదలికి ఏమని సర్దిచెప్పను? కమిటీ వాళ్ళకేమని చెప్పుకోను?"

"జరిగింది చెప్పు."

"నీకేం, తేలిగ్గా అంటావు" అన్నాడు తమ్ముడు.

కమిటీ షెడ్డులోనే కూర్చుంది. ఎప్పుడూ రాని తల్లిదండ్రులు కూడా వచ్చారు, కుర్చీలు చాలక కొందరు బూట్ల గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు ఈ నీళ్ళలో దిగి క్షేమంగా ఇంటికి పోయారో తమ్ముడు ఒక్కమాట చెబుతాడని ఆమె ఎదురుచూసింది. అతను చివరికి "ఏదేమైనా భద్రత ముఖ్యం కదండీ" అన్నాడు, బల్ల వైపు చూస్తూ. కమిటీలో ఉన్న రిటైరైన ఇంజినీరు సంచిలోంచి కాగితం చుట్ట తీసి పరిచాడు. మడుగు చుట్టూ కటకటాలు ఎలా వస్తాయో ముందే గీసుకుని తెచ్చాడాయన.

మొదట చెట్టును ముక్కలు కోసి లారీకెత్తారు. తర్వాత కటకటాలు లేచాయి. సందుల్లోంచి పిల్లలు చేతులు పెడుతున్నారని వాటికి ఇనుప జాలీ కొట్టారు. నేల జారుతోందని సిమెంటు పలకలు పరిచారు. ఒడ్డున తుంగ రోతగా ఉందని పెరికించారు. నీళ్ళు పచ్చబడ్డాయని మందు కలిపించి, మధ్యలో నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ పెట్టారు. దేనికదే చూస్తే సబబుగానే ఉండేది. ప్రతిదానికీ ఎవరో ఒక పెద్దమనిషి నెమ్మదిగా, నవ్వుమొహంతో ఒక కారణం చెప్పేవాడు. ఆమె ప్రతి మీటింగులోనూ అడ్డం తిరిగింది. తుంగ పీకితే తూనీగలు ఎక్కడ గుడ్లు పెడతాయని అడిగింది. మందు కలిపితే తోకకప్పలు ఏమవుతాయని అడిగింది. "ఆ పాప చెయ్యి ఇప్పుడెలా ఉందండీ?" అని ఎవరో ఒకరు మెల్లిగా అడిగేవాళ్ళు. ఆ తర్వాత ఆమె నోరు లేచేది కాదు.

షెడ్డు పడగొట్టి హాలు కట్టారు. బూట్లు మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. హాల్లో గోడంత తెర, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. తెర మీద ఎక్కడిదో పెద్ద కప్ప నాలుక చాపి పురుగును పట్టుకునేది. పిల్లలు కెవ్వుమని, తర్వాత చప్పట్లు కొట్టేవాళ్ళు. బయట మడుగులో మాత్రం కప్పల అలికిడి లేదు. ఆ సంవత్సరం వానలు పడ్డాక ఆమె చాలా సాయంత్రాలు కటకటాల దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. ఫౌంటెన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

విచిత్రమేమిటంటే బస్సులు పెరిగాయి. ఇంతకుముందు పిల్లల్ని పంపడానికి సణిగిన బళ్ళు కూడా వరసలో నిలబడ్డాయి. పెద్ద బడి హెడ్మిస్ట్రెస్ తానే స్వయంగా వచ్చి "ఎంత హాయిగా ఉందండీ ఇప్పుడు. కాలికి తడి అంటకుండా ప్రకృతినంతా చూపించి పంపేస్తున్నారు" అని మెచ్చుకుంది. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అంది. తమ్ముడు పొంగిపోయాడు. ఊళ్ళో పెద్దలు అతన్ని పిలిచి సన్మానం చేశారు.

ఆమెను మాత్రం ఎవరూ పొమ్మనలేదు. పిల్లల్ని వరసలో నిలబెట్టడం, హాల్లో దీపాలు ఆర్పడం, సినిమా అయ్యాక కటకటాల వెంట ఒక చుట్టు తిప్పి బస్సెక్కించడం ఆమె పని. ఈ కొత్త పిల్లలకు ఆమె పాత పేరు తెలియదు. మేడమ్ అనే అనేవాళ్ళు.

తూనీగ చెయ్యి అతుక్కుంది గానీ కాస్త వంకర మిగిలింది. తల్లి మళ్ళీ దాన్ని మడుగు వైపు పంపలేదు. మేనత్త ఇంటికి వెళ్తే మర్యాదగా కుర్చీ వేసేవాళ్ళు. పిల్ల లోపలి గదిలో చదువుకుంటూ ఉండేది. రోజులు గడిస్తే అవే సర్దుకుంటాయని, ఒక్కసారి ఇక్కడికి వచ్చిందంటే దాని కాళ్ళు అవే పరిగెడతాయని మేనత్త ఎదురుచూసింది.

వచ్చింది. బడి వాళ్ళతోనే వచ్చింది. కొత్త తెల్ల బూట్లు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు. వరసలో అందరితో పాటు నిలబడింది, చేతులు కట్టుకుంది, సినిమా చూసింది. మేనత్తను చూసి చిన్నగా నవ్వింది. కటకటాల దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పిల్లలకు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. వరస చివర నడుస్తున్న మేనత్త, తానూ విందామని దగ్గరికి జరిగింది.

"ఇక్కడే. ఇక్కడే మా అత్త నన్ను పడేసింది."

"కావాలనే పడేసిందా?" అని అడిగింది ఇంకో పిల్ల.

"నేను వద్దన్నాను. అయినా రమ్మని లాగింది."

చెబుతున్న పిల్ల ముఖంలో అబద్ధం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు తన నెత్తి మీదుగా అనుకున్న మాటలు విని విని, వాటిలోంచి అది అలా కూర్చుకుంది. ఇప్పుడు దానికి అదే నిజం. మేనత్తకు కటకటాల వారన సిమెంటు పగులులో తడి ఉన్నచోట ఒక నత్త కనిపించింది. ఎలా బతికి ఉందో అది. వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"తూనీగా, ఇటు చూడు. గుర్తుందా ఇది?"

పిల్ల చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముట్టుకోకూడదత్తా. జబ్బులొస్తాయి. ముందు నువ్వు వెళ్ళి చేతులు కడుక్కో."

ఆ మాటలో పొగరు లేదు. అత్తకు ఏమైనా అవుతుందేమోనన్న బెంగే ఉంది. వరస వరసంతా ఆమె చేతి వంకే చూస్తోంది. మేనత్త నత్తను దాని పగులులోనే వదిలేసి, పిల్లలందరి ముందూ కుళాయి దగ్గరికి నడిచి, సబ్బుతో చేతులు కడుక్కుంది.

బస్సు వెళ్ళగానే కేంద్రం తాళాలు తీసుకుని నేరుగా తమ్ముడి దుకాణానికి వెళ్ళింది. అతను దీపం కింద అద్దం అంచు అరగదీస్తున్నాడు.

"నేను దాన్ని లాగి పడేశానని మీ ఇంట్లో చెప్పుకుంటున్నారా?"

"ఎవరన్నారక్కా? అలాంటిదేం లేదు. పిల్లలు ఏవేవో కల్పించుకుంటారు."

"కాదని నువ్వు చెప్పావా?"

తమ్ముడు అద్దాన్ని వెలుగుకెత్తి చూశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకక్కా తవ్వుకోవడం? కేంద్రం బాగుంది. ముందుకంటే పిల్లలు బాగా వస్తున్నారు. నీ ఉద్యోగం నీకుంది. ఇంకేం కావాలి?"

"వచ్చి ఏం చూస్తున్నారురా?"

"ఏదో ఒకటి చూస్తున్నారు. అసలు మూతపడితే ఏం చూసేవాళ్ళు? నిన్ను కాచుకోవడానికి నేనెంతమందికి సమాధానం చెప్పుకున్నానో నీకేం తెలుసు?"

అందులో కొంత నిజముందని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

"ఆ టైర్లన్నీ మోసింది తెర కట్టడానికా?"

ఇంతలో ఎవరో కళ్ళద్దాల కోసం లోపలికి వచ్చారు. "ఒక్క నిమిషం కూర్చోక్కా, వీరిని పంపి మాట్లాడతాను" అని తమ్ముడు ఫ్రేములు బల్ల మీద పేర్చాడు. ఆమె తాళాలు ఆ ఫ్రేముల పక్కనే పెట్టి బయటికొచ్చేసింది. వెనక నుంచి పిలుస్తాడేమోనని వీధి మలుపు దాకా నెమ్మదిగా నడిచింది. పిలవలేదు. ఆమె స్థానంలో మంచి గొంతున్న ఒక అబ్బాయిని పెట్టుకున్నారని తర్వాత విన్నది.

బతకడానికి ఇంటి ముందుగదిలో ట్యూషన్లు మొదలుపెట్టింది. పరీక్షలకు వచ్చే ప్రశ్నలు, వాటికి రాయాల్సిన జవాబులు. పిల్లలకు మంచి మార్కులే వచ్చేవి.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం మరదలు ఒంటరిగా వచ్చింది. బెంచీ చివర, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. కాసేపు ఆ మాటా ఈ మాటా ఆడింది. చివరికి అసలు సంగతి బయటపెట్టింది.

"పిల్ల దేనికీ ముందుకు రావడం లేదు వదినా. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునే దిగుతుంది. చీమ పాకితే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. బళ్ళో ఆటలకు వెళ్ళదు. స్నేహితులు కూడా పిలవడం మానేశారు. డాక్టరుగారు దాన్ని బయట తిప్పమన్నారు. మట్టిలో, నీళ్ళలో ఆడించమన్నారు. మీరొకసారి తీసుకెళ్తారా? మీ దగ్గరైతే వింటుందేమో."

ఈ రోజు వస్తుందని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. వస్తే అనాల్సినవి ఎన్ని దాచుకుందో. అవి వాటంతటవే నోట్లోకి వచ్చాయి.

"ఎక్కడికి తీసుకెళ్ళమంటావు? మీ ఆయన సిమెంటు చేయించిన చోటికా?"

మరదలు తల దించుకుంది. "ఊరి బయట ఎక్కడైనా. కాలవ గట్టుకైనా సరే."

"కాలు జారితే?"

"జారితే జారనివ్వండి. నేనేమీ అనను వదినా."

"అప్పుడు కూడా నువ్వేమీ అనలేదమ్మా."

మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకు ఎక్కడో లోపల చల్లగా అనిపించింది. ఆ చల్లదనానికి తన మీద తనకే అసహ్యం వేసింది. సరే, రేపు పంపు అనేద్దామని నోరు తెరిచింది. గట్టు, తడి నేల, పక్కన ఆ పిల్ల, తన మాట నమ్మి అడుగేయబోతున్న ఆ పిల్ల కాలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

"నా వల్ల కాదు" అంది. "నాకు భయం."

ఎత్తిపొడుపుగా అన్నదనే మరదలు అనుకుంది. ఈమె అలాగే అనుకోనిచ్చింది. నిజం చెప్పి జాలి పొందడం కంటే అది నయమనిపించింది. మరదలు కళ్ళు తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా సాగనంపాక, నీళ్ళైనా తాగమనలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

మరదలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఈమె కబురు పెట్టలేదు. తమ్ముడు అప్పుడప్పుడు వచ్చి ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, తన దుకాణం సంగతులు చెప్పి వెళ్తాడు. తూనీగ పొడుగు సాగింది, నెమ్మదస్తురాలని బళ్ళో మంచి పేరు. దారిలో మేనత్త ఎదురైతే ఆగుతుంది. ఒకప్పుడు మెడ పట్టుకుని వేలాడుతూ "నువ్వు రావే అత్తా" అన్న పిల్ల, ఇప్పుడు కాస్త దూరంలోనే నిలబడి, "బాగున్నారా అత్తయ్యా" అంటుంది.